తాలు ఏరే మిషను

ప్రాజెక్టు మారిపోయిందన్న సంగతి క్లాసులో అందరికంటే ఆఖరున తెలిసింది దేవిప్రియకే. సోమవారం పొద్దున ల్యాబ్‌లోకి వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టిందో లేదో, కలైసెల్వి దగ్గరకొచ్చి, "మంటలార్పే రోబో అంటే నాకూ హాయే. ఆ మిరపకాయల పక్కన కూర్చుని తుమ్మలేక చచ్చాను" అంది తమిళంలో.

"ఏ రోబో?" అంది దేవిప్రియ.

కలైసెల్వి మొహం పాలిపోయింది. నరికుడి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల, వాళ్ళ టీములో మూడో మనిషి. కడుపులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. "నిన్న హరి ఫోన్ చేసి చెప్పాడే! శివరామన్ సార్‌కి కూడా చెప్పేశాడట. నీతో మాట్లాడాకే చేశాడనుకున్నాను."

హరి అంటే హరికృష్ణన్, దేవిప్రియకు మేనమామ కొడుకు. తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళు. కోవిల్‌పట్టిలో ఒకే ఇంట్లో ఉంటారు, పొద్దున్నే ఒకే కాలేజీ బస్సెక్కి విరుదునగర్ వస్తారు. నిన్న రాత్రి ఒకే పెనం మీద కాల్చిన దోసెలు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆ దోసెలు నములుతూ కూడా వాడు ఈ ముక్క బయట పెట్టలేదు. మూడో మనిషికి ఫోన్ చేసి చెప్పినవాడికి, పక్కన కూర్చున్న మనిషికి చెప్పడానికి నోరు రాలేదు. దేవిప్రియకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజానికి ఆమె ఈ చదువులో చేరిందే వాడి తోకగా. తండ్రి దొరైసామికి విళాత్తికుళం దగ్గర పల్లెలో నల్లరేగడి పొలం ఉంది, వాన పడితే మిరప, పత్తి పండుతాయి. కూతుర్ని ఇంజనీరు చెయ్యాలని ఆశ ఉంది గాని ఒంటరిగా పంపే గుండె లేదు. అప్పుడు రామసుబ్బు మామ అడ్డం వచ్చాడు. "మా హరి రోబోటిక్స్‌లో చేరుతుండాడు. పిల్లనీ దాంట్లోనే వేసేయండి. మా ఇంట్లో ఉంటాది, వానితో పోతాది, వానితో వస్తాది" అన్నాడు. ఆ 'వానితో' అన్న మాట దేవిప్రియ పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. వాడు బావ, ఈమె మరదలు, ఇక అడిగేదేముంది? తల్లి సుబ్బమ్మాళ్‌కు అన్న నోట్లోంచి వచ్చిందల్లా వేదం. అందుకే మూడేళ్ళ తర్వాత ప్రాజెక్టు టీములు వేసుకోండని కాలేజీలో చెప్పినప్పుడు కూడా ఎవరూ ఆమెను అడగలేదు. హరి ఉన్నదే ఆమె టీము, హరే లీడరు.

వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైనా బాగుండేది, ఏనాడో దులిపేసి చేతులు కడుక్కునేది. చదువంటే పెద్ద ఇష్టం లేదు, గొడవంటే భయం, తండ్రి ఎదుట గొంతు పెగలదు. ప్రాజెక్టు ఏం చేద్దామని అడిగితే, "నీ ఇష్టం" అని సెల్‌ఫోన్‌లోకి తల దూర్చేశాడు. ఆమె తన ఇష్టప్రకారమే చేసింది.

ఆమె ఎంచుకున్నది తాలు కాయలు ఏరే మిషను. ఎండబెట్టిన మిరపకాయల్లో మచ్చపడి, తెల్లబారి, పనికిరాకుండా పోయిన కాయ తాలు. కళ్ళంలో ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దంతా వంగి కూర్చుని దాన్ని ఏరతారు. ఏరిన చేతులతో ఆ పూట అన్నం కలుపుకోలేరు, చంటిపిల్లను ఎత్తుకోలేరు. దేవిప్రియ పాత జిరాక్సు మిషను విప్పి అందులోంచి రబ్బరు పట్టీ తీసింది. పైన కెమెరా బిగించింది, పక్కన చిన్న ఇనప చెయ్యి పెట్టింది. పట్టీ మీద కాయలు కదిలి వస్తుంటే కెమెరా చూస్తుంది, తెల్లకాయ కనిపించిందా, చెయ్యి దాన్ని పక్కకు తోసేస్తుంది. చెప్పడానికింతే. ఎర్రకాయ తళుక్కుమంటే దాన్నీ తెల్లదనుకుని తోసేసే ఆ చేతికి బుద్ధి నేర్పడానికి మాత్రం ఆమె ప్రాణం కడగట్టింది. సరైన లైటు దొరికేదాకా మూడు రకాల లైట్లు మార్చింది. మొదటిసారి అది తప్పు లేకుండా ఏరిన రోజున ల్యాబ్‌లో ఒక్కతే నిలబడి ఈల వేసింది.

ఇంతకూ కథ చెడింది మొన్న శనివారం.

రామసుబ్బు మామకు విరుదునగర్ బజారులో వత్తల్ మండీ ఉంది. వత్తల్ అంటే అక్కడి వాళ్ళకు ఎండుమిరపకాయే. చుట్టుపక్కల పల్లెల రైతులు గోనెలు తెచ్చి అక్కడ దింపుతారు. మామ గోనె మూతి విప్పించి, గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో పరిచి చూసి, ఇందులో తాలు ఇంత అని ఒక మాట అంటాడు. ఆ మాటను బట్టే ధర. దానికి తిరుగు లేదు, ఆయన కన్ను అంత గొప్పదని పేరు. దొరైసామి తన మొదటి కోత గోనెలు ఆ వారమే అక్కడ దింపి, మూడో వంతు తాలు అనిపించుకుని, తల ఊపి ఊరికి వెళ్ళిపోయాడు.

"మామా, మా నాయన గోనె ఒకటి నా మిషన్లో ఆడించి చూడనా?" అని దేవిప్రియ అడిగితే మామ మురిసిపోయాడు. మా కోడలు చేసిన మిషను అని గుమాస్తాలను పిలిచాడు, కూలీల చేత బల్ల వేయించాడు. కాయలు పట్టీ మీద పోస్తుంటే, ధర కోసం కాచుకుని ఉన్న ఇద్దరు ముగ్గురు రైతులు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. గోనె మొత్తం అయిపోయింది. ఏరిన తాలు చేట అడుగు కూడా నిండలేదు.

అప్పుడు దేవిప్రియ ఏం చేసింది? చేటను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అందరి ఎదుట, పకపకా నవ్వుతూ, "మామా! నీ కన్నుకి అద్దాలు వెయ్యాల! మూడో వంతు అంటివే, చూడు ఎంత ఉండాదో!" అంది. మేనమామను ఆటపట్టించే హక్కు మేనకోడలికి పుట్టుకతోనే వస్తుంది కదా, అలాగే అంది. రైతులు నవ్వారు. మామ కూడా నవ్వాడు, ఆమె వీపు తట్టాడు, కూలీని పంపి అందరికీ సోడాలు తెప్పించాడు. మామ కన్ను ఒక్కసారి పొరబడిందని ఆ పిచ్చిపిల్ల నిజంగానే అనుకుంది. మిషను గెలిచిందని ఒకటే ఆనందం. కోవిల్‌పట్టి దాకా బస్సులో కూనిరాగం తీస్తూనే ఉంది.

ఆదివారం హరి అందరికీ ఫోన్లు చేశాడు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్ వెనక వాణ్ణి పట్టుకుంది. "ఏం హరీ, నా ప్రాజెక్టు ఏమైంది?" అంది తమిళంలో. కాలేజీలో వాళ్ళెప్పుడూ తమిళమే మాట్లాడతారు. ఇంట్లో అయితే బావ, ఇక్కడ హరి.

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించి తెలుగులోకి దిగాడు. "ఇంటికి పోయినాక మాటలాడుకుందాం. ఈడ వేండాం."

"ఇంట్లో కాదు. ఇక్కడే చెప్పు."

"మదురైలో ఒక అంగడి ఉండాది. దుడ్డు కడితే రోబో, రిపోర్టు, వాళ్ళు అడిగే కేళ్విలకి జవాబు, అన్నీ పెట్టెలో వేసి ఇస్తారు. పోయినేడు సీనియర్లంతా ఆడే తీసుకున్నారు. మనకెందుకు కష్టం?"

ఆ రోబో సంగతి దేవిప్రియకు తెలుసు. క్లాసులో తెలియనిది ఎవరికి? కొవ్వొత్తి వెలిగించి పెడితే ఉయ్యాల ఊగినట్టు ఊగుతూ వెళ్ళి చెంచాడు నీళ్ళు చల్లి వస్తుంది. వరసగా రెండేళ్ళు అదే రోబోకు రంగు మార్చి చూపించారు. అదే కొవ్వొత్తి కూడానేమో.

"నువ్వు ఇంతవరకు ప్రాజెక్టు ఊసే ఎత్తలేదు. ఉన్నట్టుండి మదురై ఎందుకు గుర్తొచ్చింది?"

వాడు కాలి బొటనవేలితో నేల గీశాడు. "నాయన చెప్పినాడు. మిరపకాయ మిషను మన ఇంటికి వద్దన్నాడు. నన్నెందుకు నిలదీస్తావు? ఆయన్నే అడుగు."

సరే, ఆయన్నే అడుగుతానంది. సాయంత్రం కాలేజీ బస్సు ఎక్కకుండా టౌను బస్సులో నేరుగా మండీకి వెళ్ళింది. దారంతా ఆమె మాటలు కూర్చుకుంది. ఆడపిల్ల మిరపకాయల్లో చేతులు పెట్టడం పరువు తక్కువ అంటాడు కాబోలు, కూలీల పనికి ఇంజనీరింగ్ చదువా అంటాడు కాబోలు, అంటే ఇలా చెప్పాలి అని జవాబులు కూడా సిద్ధం చేసుకుంది.

మామ పరుపు మీద కూర్చుని ఉన్నాడు. కోడల్ని చూసి లేచి ఎదురొచ్చాడు. "రామ్మా, రా. కాపీ తాగుతావా?"

"వద్దు మామా. నా మిషనుని ఎందుకు వద్దన్నావు?"

"కూచో ముందు." ఆయన గొంతులో కోపం లేదు, వెన్న రాసినట్టుంది. "నీ తెలివికి నాకు శానా సంతోసం. అయితే ఆపొద్దు నువ్వు చేట ఎత్తి చూపిస్తివి చూడు, ఆ రైతులు ఊరికి పోయి సుమ్మా ఉంటారా? ఇయ్యాల పొద్దున్నే విళాత్తికుళం మనిషొకడు గోనె దింపి, 'మీ కోడలి మిషను యాడ? మా కాయ దాంట్లో పొయ్యండి' అంటుండాడు. నాకు ఎందుకు ఈ తలనొప్పి?"

"పోస్తే ఏం మామా? నీ కన్ను పొరబడకుండా అది..."

అప్పుడు తట్టింది ఆమెకు. సగంలో ఆగిపోయింది. మామ మొహంలోకి చూసింది. ఆ మొహంలో పొరబడిన మనిషి సిగ్గు ఎక్కడా లేదు. చిన్నపిల్లకు ఆలస్యంగా బుద్ధొచ్చిందే అన్న జాలి ఉంది. ముప్పై ఏళ్ళుగా మిరపకాయ చూస్తున్నవాడికి, గోనె మూతి విప్పకముందే ఘాటును బట్టి కాయ చెప్పగలవాడికి, కన్ను ఎందుకు పొరబడుతుంది?

"నీకి ముందే తెలుసు" అంది. "మా నాయన కాయలో తాలు లేదని నీకి తెలుసు."

"యాపారం అంటే అట్టనే ఉంటాదమ్మా."

"మా నాయన దగ్గర కూడానా? సొంత చెల్లెలి మొగుడి దగ్గర?"

మామ నవ్వాడు. ఆ నవ్వును దేవిప్రియ చచ్చేదాకా మరచిపోదు. "పిచ్చిదానా, ఆ దుడ్డు యాడికి పోతాది? రేపు నువ్వు ఏలబోయే ఇంటికే గదా? మీ నాయన చేతిలో ఉంటే ఏంది, మా చేతిలో ఉంటే ఏంది? అంతా నీదే. నీ ఇంటికి నువ్వే ఎసరు పెడతావా?"

వచ్చే దారిలో కూర్చుకున్న జవాబుల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. తండ్రిని దోచుకోవడమే కాకుండా, ఆ దోపిడీలో ఆమెకు వాటా ఇచ్చి, ఆమె పేరు మీదే రాసిపెట్టాడు. పైగా కృతజ్ఞతగా ఉండాలి కాబోలు! బయటికి వచ్చి, బజారులో మిరపగోనెల లారీ పక్కన నిలబడి తండ్రికి ఫోన్ చేసింది. అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

దొరైసామి విన్నాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. అవతల మేకలు అరవడం వినబడింది. తర్వాత, "తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కాయ పండించేది నేను. దాంట్లో తాలు ఎంతో నాకి తెలీదా?"

"తెలిసి ఎందుకు తల ఊపినావు నాయనా? ఇన్నేండ్లూ తల ఊపినావా?"

"నువ్వు పోయే ఇల్లు గదమ్మా. ఎట్ట అడిగేది? కాటా కాడ తగువేసుకుంటే, రేపు ఆ ఇంట్లో నీకి మరియాద ఉంటాదా? పోనీలే. నీ కోసరమే గదా."

దేవిప్రియ ఫోన్ పెట్టేసింది. మామ మీద వచ్చింది కోపమే గాని, తండ్రి మీద వచ్చినదాని ముందు అది ఏపాటిది! నీ కోసరం, నీ కోసరం! ఇద్దరూ కలిసి ఆమె కోసమే ఒకడు దోచాడు, ఒకడు దోపిడీ ఇచ్చాడు. మధ్యలో ఆమెను ఎవడడిగాడు? అమ్మ ఎండలో వంగి వంగి ఏరిన కాయ అది. ఏరిన తర్వాత కూడా మూడో వంతు తాలు అంటే, అమ్మ చేతుల మంటకు కూడా విలువ కట్టి కోసేసినట్టే కదా. వాళ్ళకు ఇది ప్రేమ. ఈ ప్రేమను పట్టుకెళ్ళి నిప్పుల్లో పొయ్యాలనిపించింది.

ఆ వారం మామ ఇంట్లో ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అత్త వడ్డిస్తే తిన్నది, లేదంటే లేదు. కోపమొచ్చినా మళ్ళీ దిగుతుందిలే అని వాళ్ళు ధీమాగా ఉన్నారు.

శుక్రవారం మొదటి రివ్యూ. ఎవరు ఏ ప్రాజెక్టు చేస్తారో ఆ రోజు ఖాయం చేస్తారు, ఆ తర్వాత మార్చడానికి లేదు. సెమినార్ హాల్లో బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. ఒకరు డిపార్ట్‌మెంట్ పెద్ద శివరామన్ సార్. ఇంకొకరు వేరే ఊరి కాలేజీ నుంచి వచ్చిన మేడం, కళ్ళజోడు వెనక చురుకైన కళ్ళు. హరి బల్ల మీద అట్టపెట్టె పెట్టి మంటలార్పే రోబోను బయటికి తీశాడు. దేవిప్రియ, కలైసెల్వి వెనక నిలబడ్డారు. ఆడపిల్లలకు ఇచ్చిన పని రిపోర్టు చదవడం. ఏ టీములో చూసినా అంతే. స్క్రూ తిప్పేది మగవాళ్ళు, కాగితం తిప్పేది వీళ్ళు.

హరి బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు గడగడా అప్పజెప్పాడు. మేడం రోబోను తిప్పి చూసి, "ఈ సెన్సరే ఎందుకు తీసుకున్నారు? ఎండలో పెడితే ఎండను కూడా మంట అనుకుంటుంది కదా, అప్పుడేం చేస్తారు?" అని తమిళంలో అడిగింది.

మదురై వాళ్ళు ఇచ్చిన జవాబుల్లో ఇది లేదు. హరి మెడ మీద చెమట కారింది. వెనక్కి తిరిగి, నోరు కదిలీ కదలనట్టు తెలుగులో, "ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు. ఇది మదురైలో కొన్నదని వీళ్ళకి తెలియొద్దు. ఇంటికి పోయినాక నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు.

వీళ్ళ వాళ్ళందరూ చేసే తప్పే వాడూ చేశాడు. నలుగురిలో దాచాల్సిన మాట ఏదైనా ఉంటే ఇంటి భాషలోకి దూరిపోవడం, అక్కడ ఇంకెవరికీ తలుపు తెలియదనుకోవడం. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా రాయి విసిరితే ఎవరో ఒక తెలుగు నాయుడి మీద పడుతుందని మరిచిపోవడం.

శివరామన్ సార్ తల ఎత్తాడు. మూడేళ్ళ పాఠాల్లో ఆయన నోట ఒక్క తెలుగు ముక్క రాలేదు, ఎవరూ వినలేదు. ఇప్పుడు వచ్చింది. అచ్చం దేవిప్రియ పల్లె యాసతో వచ్చింది.

"ఎవురి కూతురివమ్మా నువ్వు?"

ఇక హరి పని అయిపోయింది, కొన్న రోబో అని సార్ చెవిన పడింది, చీల్చి చెండాడేస్తాడని దేవిప్రియ అనుకుంది. ఆయన హరి వైపు చూడను కూడా చూడలేదు. బల్ల మీదికి వంగి, మెత్తగా, ఇంటికొచ్చిన పెద్దమనిషి లాగా చెప్పుకుపోయాడు. "రామసుబ్బు నిన్న ఫోన్ చేసినాడు. నాకి బాగా కావలసినవాడు. పిల్ల కొంచం మొండికేసుండాది, చూసుకోమన్నాడు. ఎందుకమ్మా ఇదంతా? కట్టుకోబోయే వాని పరువు నలుగుర్లో తీస్తారా? నువ్వు రెండు మాటలు చెప్పు, నేను మార్కు వేస్తా, అయిపోయింది. ఇంటి తగువు ఇంట్లో పెట్టుకోండి."

దొంగసరుకు బల్ల మీద ఉంది, దొంగ ఎదుట ఉన్నాడు, న్యాయాధికారి మాత్రం మొండికేసిందని ఆమెకు బుద్ధి చెబుతున్నాడు! తమిళంలో అంతసేపూ ఆయన సారే, ఈమె ఆయన విద్యార్థి. భాష మారిందో లేదో ఆయన మామ తరఫు పెద్ద అయిపోయాడు, ఈమె ఎవరికో కోడలైపోయింది. అమ్మ జోల పాడిన మాట, నాయనతో పొలం గట్ల మీద ఆడుకున్న మాట, ఆమెకు ప్రాణమైన మాట. ఆ మాటతోనే మామ, హరి, ఈ సారు ముగ్గురూ కలిసి ఆమె నోరు కట్టేస్తున్నారు. దేవిప్రియ ఒళ్ళంతా భగ్గుమంది.

"నా రిజిస్టర్ నంబరు మీ ముందున్న కాగితంలో ఉంది సార్" అంది. గట్టిగా, స్పష్టంగా, తమిళంలో. "నేను ఎవరి కూతురినో ఈ రివ్యూకి అవసరం లేదు."

శివరామన్ మొహం ఎర్రబడింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అంది మేడం. "మీరు ముగ్గురూ ఏం మాట్లాడుకుంటున్నారు? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

"ఏం లేదు మేడం. ఫ్యామిలీ" అన్నాడు శివరామన్.

"ఫ్యామిలీ కాదు మేడం, ప్రాజెక్టు" అంది దేవిప్రియ. "ఈ రోబో మదురైలో కొన్నది. మేం దీనికి ఒక్క స్క్రూ కూడా బిగించలేదు. అదే దాచమని ఇతను తెలుగులో చెప్పాడు. దాచి సర్దుకోమని సార్ కూడా చెప్పారు. నేను సర్దుకోను. నా ప్రాజెక్టు వేరే ఉంది, ల్యాబ్‌లో ఉంది, మూడు నిమిషాల్లో తెస్తాను."

"దేవీ!" అన్నాడు హరి. అంతకు మించి వాడికి ఏ భాషా రాలేదు.

మేడం శివరామన్ వైపు ఒకసారి చూసింది, ఆయన కాగితాలు సర్దుకోవడంలో పడిపోయాడు. "తీసుకురా" అంది.

కలైసెల్వి ఒక పక్క, ఈమె ఒక పక్క పట్టుకుని మిషను తెచ్చి పెట్టారు. మేడం జాలి చూపించలేదు. రబ్బరు పట్టీ జారితే ఏం చేస్తావు, కాయ తలకిందులుగా పడితే, ఒకదాని మీద ఒకటి పడితే, అని వరసగా దంచింది. కొన్నిటికి దేవిప్రియ దగ్గర జవాబు ఉంది. ఒకదానికి లేదు, లేదనే చెప్పింది. "పెద్ద కంపెనీల దగ్గర రంగు చూసి ఏరే మిషన్లు ఇదివరకే ఉన్నాయి. నీది ఎవరికి కావాలి?" అంది మేడం చివరికి.

"అవన్నీ రైతు అమ్మేసి వెళ్ళిపోయాక, కొన్నవాడి గోడౌన్‌లో ఉంటాయి మేడం. ధర చెప్పేచోట ఏ మిషనూ లేదు. అక్కడ ఒక మనిషి గుప్పెడు మాత్రమే ఉంది. ఆ గుప్పెడు ఎంత చెబితే అంత. నా మిషను అక్కడ పెట్టాలి."

"ట్రయల్ ఎక్కడ చేస్తావు? ల్యాబ్‌లో చేస్తానంటే ఒప్పుకోను. చోటు ఇప్పుడే రాయాలి."

హరి తల ఎత్తి ఆమె వైపు చూశాడు. వాడి కళ్ళల్లో బతిమాలుకోవడం తప్ప ఏమీ లేదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పత్తి కుప్పల మీద దూకి ఆడుకున్నప్పటి కళ్ళే అవి. ఆమె మేడం వైపు తిరిగింది.

"విరుదునగర్ బజారులో రామసుబ్బు వత్తల్ మండీ" అంది. "వచ్చే వారం విళాత్తికుళం నుంచి రెండో కోత వస్తుంది. గోనెలు అందరి ఎదుట విప్పి, తూకానికి ముందే మిషన్లో పోస్తాను. మీరు కూడా రండి మేడం."

శివరామన్ పెన్ను ఆగిపోయింది. "ఆ మండీ వాళ్ళు ఒప్పుకోవాలి కదా" అన్నాడు తమిళంలో, మేడం వినేట్టు.

"కాయ రైతుది సార్. అమ్మేదాకా రైతుదే. గోనె విప్పడానికి మండీ వాళ్ళ ఒప్పుదల ఎందుకు?"

"బాగుంది, రాయండి" అంది మేడం. కలైసెల్వి, ఎవరూ అడక్కుండానే, తన పేరు కూడా అందులోనే వేయమంది.

మిషను మోసుకుని వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. హరి అప్పుడే తండ్రికి చెప్పేసినట్టున్నాడు, మామ అమ్మకు చెప్పేసినట్టున్నాడు. సుబ్బమ్మాళ్ ఏడుస్తోంది, తిడుతోంది, రెండూ ఒకేసారి చేస్తోంది. "వాళ్ళ ఉప్పు తిని వాళ్ళ ఇంటికే నిప్పు పెడతావా? ఈ సాయంత్రం ఆ గడప ఎట్ట తొక్కుతావే?"

"తిన్నది మన ఉప్పేనమ్మా. మన గోనెల్లోంచి పోయిందే" అంది దేవిప్రియ. "గడప ఎట్ట తొక్కుతానా? మిషను ఎత్తుకొని తొక్కుతా. వెళ్ళగొడితే హాస్టలుకి పోతా. నాయనకి ఇయ్యి ఫోను."

అవతల ఫోను చేతులు మారింది. దొరైసామి ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడు ఏమన్నాడు గనక!

"నాయనా, నేను చెప్పేది విను. రెండో కోత వేరే యాడికీ తీసకపోవద్దు. మామ మండీకే తీసుకురా. అందరి ముందర గోనె మూతి నువ్వే విప్పాల."

దేవిప్రియ మిషనును వరండా గట్టు మీద దించింది.

"నా కోసరం అంటివే మొన్న? ఇప్పుడు చెయ్యి నా కోసరం" అంది. "నువ్వు విప్పకుంటే నేను విప్పుతా. ఎవురి కూతురివి అని ఎవుడైనా అడిగితే, మూడో వంతుకి తల ఊపినోని కూతుర్ని అని అందరి ముందర చెప్తా."

ఫోన్ పెట్టేసి, మిషను రెండు చేతులా ఎత్తుకుని, కోవిల్‌పట్టి బస్సు ఎక్కింది.